గదులు తర్వాత, ముందు నీళ్ల లెక్క

గండికోట, లేపాక్షి, బెలుం చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు హోంస్టే, అంటే ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే అతిథులకు బస, అనే మాట బాగా వినబడుతోంది. మాట మొదలవ్వగానే గదుల మీదికి పోతుంది. ఏసీ పెట్టాలా వద్దా, కమోడ్ ఏ రకం, గోడకు ఏ రంగు. రాయలసీమలో ఈ పని అక్కడ మొదలుపెడితే తెగదు. అనంతపురం సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది. మే నెలలో బోరు ఎండితే ట్యాంకరే దిక్కు. అట్లాంటి చోట అతిథిని పిలిచే ముందు ఊరు కూర్చుని వేసుకోవాల్సిన లెక్క నీళ్లది. అది తేలితే ఎన్ని గదులు, ఏ నెలలు, ఎవరి ఇళ్లు అన్న ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

(పాత జిల్లాల పేర్లతోనే రాస్తున్నా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, బెలుం నంద్యాల జిల్లాలోకి పోయాయి. దరఖాస్తు పెట్టేటప్పుడు కొత్త జిల్లా పేరు రాయండి, లేకపోతే కాగితం తిరిగొస్తుంది.)

జల జీవన్ మిషన్ లెక్కలో పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275. పట్నం నుంచి వచ్చిన మనిషి స్నానాలు, ఫ్లష్, దుప్పట్ల ఉతుకు అన్నీ కలిపితే తక్కువలో తక్కువ 120 లీటర్లు ఖర్చు పెట్టిస్తాడు. నలుగురు దిగితే 480. ఊరు మొత్తం మీద చూస్తే ఇదేం పెద్ద సంగతి కాదు. 900 మంది ఉన్న ఊరికి రోజుకు 49,500 లీటర్లు కావాలి, అందులో ఈ నలుగురి వాటా ఒక్క శాతం. గొడవ వచ్చేది వీధిలో. ఒకే పైపు మీద పన్నెండు ఇళ్లుండి, చివరి ఇంటికి కుళాయి సన్నగా కారే రోజున మొదటి ఇంట్లో అతిథి షవర్ కింద నిలబడి ఉంటే, ఆ మాట రచ్చబండ దాకా పోవడానికి ఒక పూట కూడా పట్టదు. షవర్ నిమిషానికి పది లీటర్ల దాకా పోస్తుంది. బకెట్టు, చెంబు పెడితే ఇరవై లీటర్లలో స్నానం అయిపోతుంది. షవర్లు పెట్టకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానం రాసుకోవడం మంచిది. తర్వాత ఒకరు పెడితే రెండో ఇల్లు ఊరుకోదు.

అతిథుల ఇంటికి వీధి కుళాయితో పని లేకుండా విడిగా నీళ్లు చూపించాలి. 50 చదరపు మీటర్ల స్లాబు మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఇంకిపోయేదీ చిందిపోయేదీ పోను 80 శాతం చేతికొస్తుంది అనుకుందాం. 22,000 లీటర్లు. రోజుకు 480 చొప్పున 46 రోజులకు సరిపోతాయి. అంత నీటిని ఒకేసారి దాచే సంపు పల్లె ఇంట్లో ఎవరూ కట్టలేరు, అక్కర్లేదు కూడా. సీమలో గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరులో పడతాయి, అతిథులు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వస్తారు. సీమకు ప్రకృతి ఇచ్చిన కొద్దిపాటి సౌలభ్యాల్లో ఇదొకటి. 10,000 లీటర్ల సంపు రెండు సార్లు నిండితే సీజన్ చాలావరకు గట్టెక్కినట్టే.

సంపుకు ముందు ఒక 50 లీటర్ల డ్రమ్ము ఉండాలి. మొదటి ఒక మిల్లీమీటరు వానలో స్లాబు మీది దుమ్ము, పావురాల రెట్టలు కొట్టుకొస్తాయి. ఆ మురికంతా డ్రమ్ములో పడి, అది నిండాకే నీళ్లు సంపు వైపు మళ్లాలి. డ్రమ్ము అడుగున ఉన్న కుళాయి వాన వెలిశాక తిప్పి ఖాళీ చెయ్యాలి. అందరూ డ్రమ్ము పెడతారు, ఖాళీ చేసేవాళ్లు తక్కువ. నిండి ఉన్న డ్రమ్ము రెండో వానకు ఏ పనీ చెయ్యదు, మురికి నేరుగా సంపులోకి పోతుంది. సంపు మూత బిగుతుగా లేకపోతే దోమలు. ఈ నీళ్లు స్నానానికి, ఫ్లష్‌కు, ఉతుకుకు. తాగడానికి ఊళ్లో ఆర్వో ప్లాంటు ఉంటే అక్కడి 20 లీటర్ల క్యాను చాలు.

ఇదంతా స్లాబు ఇళ్లకు. మట్టిమిద్దెల నుంచి వాన నీళ్లు పట్టొద్దు, అవి ఎర్రగానో ఉప్పగానో ఉంటాయి. దోనె కింద ఇంకుడుగుంత తవ్వి భూమిలోకి పంపడమే దారి. కానీ నీళ్లకు పనికిరాదని మిద్దెను తీసిపారేస్తే అసలు సరుకు పోయినట్టే. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆ పైన కట్టెలో బండలో పరిచి, జానెడు మందాన మట్టి తొక్కి, దాని మీద చౌడు పరిచిన ఇల్లు ఏప్రిల్ మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. పక్కన అతిథుల కోసమని కట్టిన రేకుల గది ఫిబ్రవరిలోనే కాలిపోతుంది. తర్వాత ఏసీ కావాలంటారు, ఏసీ పెడితే పల్లె ఓల్టేజీ ఆగదు, స్టెబిలైజర్ కొంటారు. అంతా కలిపితే మిద్దె బాగుచేసుకునే ఖర్చు కంటే ఎక్కువ తేలుతుంది.

మిద్దెకు ఒక్కటే షరతు. ఏటా తొలకరికి ముందు చౌడు కొత్తగా వెయ్యాలి. చౌడు మట్టి, అందులోని ఉప్పు వల్ల, తడవగానే మెత్తబడి సందులు మూసుకుంటుంది, అందుకే ఆ మట్టే కావాలి, మామూలు ఎర్రమట్టి వేస్తే పగుళ్లిచ్చి కారుతుంది. పైన మొలిచిన గడ్డిని వేర్లతో పీకకుండా చౌడు కప్పేస్తే వేరు వెంబడే నీళ్లు దిగుతాయి. గవాక్షికి అద్దం పెట్టి బిగించేసేవాళ్లున్నారు. అది గాలికీ వెలుతురుకీ పెట్టిన కన్నం, మూస్తే గది ఉక్కపోతతో నిండిపోతుంది. సన్న జాలీ కొట్టి వదిలెయ్యండి. దూలాల సందుల్లో తేళ్లుంటాయి కాబట్టి పక్క నేల మీద వెయ్యొద్దు, మంచం, దోమతెర తప్పనిసరి. నేలకు టైల్సు అక్కర్లేదు. కడప నల్లబండ, బేతంచెర్ల బండ మన దగ్గరే దొరుకుతాయి, తడి కాలితో నడిచినా అంతగా జారవు.

మరుగుదొడ్డి దగ్గరే చాలా ఊళ్లు బోల్తా పడతాయి. స్వచ్ఛ భారత్ కింద కట్టిన రెండు గుంతల మరుగుదొడ్డి ఐదారుగురి కుటుంబానికి లెక్కవేసి కట్టింది. మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న గుంతలు రెండు, మధ్యలో కనీసం మీటరు ఎడం, ఒకటి నిండాక ఇంకోదానికి మళ్లించే చిన్న తొట్టి. నిటారు వాలున్న పల్లె బేసినుకు లీటరున్నర, రెండు లీటర్ల నీళ్లు చాలు. దానికే పది లీటర్ల ఫ్లష్ ట్యాంకు తగిలించి నలుగురు అతిథుల్ని దించితే, మలం నిండకముందే గుంత నీళ్లతో నిండి పొంగుతుంది. నేలను బట్టి ఇది ఇంకా తేడాగా ఉంటుంది. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో నీళ్లు ఇంకవు. అక్కడ గుంత చుట్టూ అడుగు మందాన ఇసుక, ఇటుక ముక్కల పొర పోయాలి. అనంతపురం గుట్టల నేలలో రెండడుగులకే బండ తగులుతుంది, గుంతను పైకి లేపి చుట్టూ మట్టికట్ట పొయ్యాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది కొలిమిగుండ్ల వైపు. అది సున్నపురాయి నేల. బెలుం గుహ 3,229 మీటర్ల పొడవున ఏర్పడింది నీళ్లు ఆ రాతిని కరిగించుకుంటూ పోవడం వల్లే. అదే పగుళ్లలోకి గుంత మురికి దిగితే వడపోత లేకుండా బోరు నీళ్లలో కలుస్తుంది. అక్కడ ఇంకుడు గుంతల మరుగుదొడ్డి పనికిరాదు. అడుగూ పక్కలూ సిమెంటుతో మూసిన సెప్టిక్ ట్యాంకు కట్టి, దాని నుంచి వచ్చే నీటిని కంకర, మెట్టతామర వేసిన తొట్టి గుండా పంపాలి. ట్యాంకు ఎత్తే బండి ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఎక్కడ పారబోస్తుందో కట్టకముందే అడిగి తెలుసుకోవాలి. చెరువు అలుగులో పారబోసే బండిని ఊళ్లోకి రానివ్వొద్దు.

కట్టడం గురించి ఇంకొక్క మాట. గండికోటలో కోట గోడల లోపలే ఊరుంది. అదీ, లేపాక్షి వీరభద్రస్వామి గుడీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. పాత ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు గానీ దానికీ నిరభ్యంతర పత్రం కావాలి. మేస్త్రీ 'ఏం కాదు రెడ్డీ, నేను చూసుకుంటా' అన్నాడని గోడ లేపితే నోటీసు వచ్చేది మేస్త్రీకి కాదు, ఇంటాయనకు. కొలత టేపు పట్టుకుని హద్దు రాయి నుంచి కొలిచి, కాగితం తెచ్చుకున్నాకే పునాది సంగతి.

కాగితం అంటే గుర్తొచ్చేది కల్పవల్లి అడవి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా అక్కడి ఊళ్లు ఏడువేల ఎకరాల పైచిలుకు బోడిగుట్టల్ని మంట పడకుండా, కొట్టివేత లేకుండా కాపాడి అడవిని మళ్లీ రప్పించాయి. గడ్డి, ఈతాకులు, వంటచెరకు, కింద చెరువులకు నీళ్లు, అన్నీ అందులోంచి వచ్చాయి. కానీ రికార్డులో అది రెవెన్యూ బంజరు. ఊరి పేరు మీద హక్కు ఏదీ లేదు. గాలిమరలు వచ్చినప్పుడు గుట్టల నడుమ వెడల్పాటి రోడ్లు పడ్డాయి, అన్నేళ్ల కాపలా లెక్కకు రాలేదు. టూరిజం ఊళ్లకు ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మీరు చూపించబోయే గుట్టో చెరువో గుహో ఎవరి పేరు మీద ఉందో మొదటే అడంగల్ (ఊరి భూముల రికార్డు) తీసి చూసుకోవాలి. పేరు రాకముందు ఎవడూ రాడు. ఫోటోలు తిరగడం మొదలయ్యాక టెండరు పట్టుకుని బయటివాడొస్తాడు, టికెట్ కౌంటరు వాడిది, ఊరికి ఊడ్చే పని. గ్రామసభ తీర్మానం, పంచాయతీతో రాసుకున్న ఒప్పందం, అడవి అయితే అటవీ శాఖ దగ్గర వనసంరక్షణ సమితికి రాసిచ్చిన వాటా, ఇవి బోర్డు పెట్టకముందే చేతిలో ఉండాలి.

ఎవరి చేతిలో? ఇక్కడ కొత్త సంఘం పెట్టాలని ఉబలాటపడతారు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఆ అవసరం చాలాచోట్ల లేదు. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో పొదుపు సంఘాలు గట్టిగా వేళ్లూనుకున్నది ఇక్కడే. ఓర్వకల్లు పొదుపులక్ష్మి ఐక్య సంఘం పేరు తెలియనివాళ్లు తక్కువ. పుస్తకాలు రాయడం, నెలనెలా కూర్చోవడం, అప్పు ఎగ్గొట్టినవాళ్ల ఇంటి ముందు కూర్చుని వసూలు చెయ్యడం వచ్చిన ఆడవాళ్లు ఇప్పటికే ఉన్నారు. పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం కింద ఒక ఉపసంఘం పెట్టి, దానికి విడిగా బ్యాంకు ఖాతా తెరిస్తే సరిపోతుంది. అట్లాంటి గ్రామ సంఘం లేని చోట 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు, వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ఉంటే చాలు. పాత ఖాతాలోనే డబ్బు కలపడం మాత్రం వద్దు. హోంస్టే డబ్బూ పొదుపు డబ్బూ ఒకే పుస్తకంలో పడితే ఏ మగాడో 'లెక్క తప్పింది' అని అంటాడు, తప్పలేదని చూపించడానికి ఆర్నెల్లు పడుతుంది.

పంపకం ముందే రాసుకోవాలి, అంకెలతో. మనిషికి రాత్రికి 1,200 రూపాయలు, రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి. నలుగురికి 4,800. అందులో ఇంటివాళ్లకు 2,880. వంటకు, అంట్లకు వచ్చే ఇద్దరికి తలా 400. బుకింగు, ఫోను, దుప్పట్లు చూసుకునే సంఘానికి 480. ఊరి నిధికి 480. మరమ్మతుల నిధికి మిగిలిన 160. ఇంటివాళ్లు తమ వాటాలోంచి బియ్యం, పప్పు, కూరగాయలకు 880, సబ్బు, ఉతుకుకు 200 తీసేస్తే రాత్రికి 1,800 చేతిలో పడుతుంది. నాటుకోడి అడిగితే దానికి రేటు విడిగా.

ఈ 1,800ను పట్టుకునే అప్పు లెక్క చూడాలి. నెలకు పది రాత్రులు, ఐదు నెలల సీజన్, అన్నీ నిండితే 90,000. మరుగుదొడ్డి, సంపు, మంచాలు, మిద్దె మరమ్మతులకు రెండు లక్షలు పెట్టినవాళ్లకు అసలు రావడానికి రెండు సీజన్లు దాటుతుంది. అది తట్టుకోదగ్గదే. 10 లక్షలు అప్పు తెచ్చి మేడ మీద నాలుగు గదులు లేపితే 12 శాతం వడ్డీయే ఏడాదికి 1,20,000. సంఘం అతిథుల్ని ఇళ్లకు వంతులవారీగా పంపితే వచ్చే 90,000 వడ్డీకే చాలదు, అప్పుడు ఆ ఇంటాయన వంతు తప్పించి సొంతంగా ఆన్‌లైన్‌లో పెట్టుకుంటాడు, ధర తగ్గిస్తాడు, మిగతా ఇళ్లు ఖాళీ. ఊరి టూరిజం చెడిపోవడం చాలాసార్లు ఇట్లాంటి ఒక్క అప్పుతోనే మొదలవుతుంది. అందుకే పెట్టుబడికి పైహద్దు సంఘమే పెట్టాలి. కేంద్రం బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఒక ఇంటికి ఆరు గదులు, పన్నెండు పక్కల దాకా ఒప్పుకుంటుంది, యజమాని కుటుంబం అందులోనే ఉండాలి. పల్లెకు అంత అక్కర్లేదు. ఇంటికి ఒకటో రెండో గదులు, మొదటి ఏడాది నాలుగే ఇళ్లు.

నాలుగిళ్లు, యాభై రాత్రులు, రాత్రికి 4,800 అంటే 9,60,000. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు 20 లక్షలు కాబట్టి దానికి లోపలే ఉంటారు. అయితే సంఘం పాన్ కింద పాల కేంద్రమో ఎరువుల దుకాణమో కూడా ఉంటే ఆ టర్నోవరు కూడా కలుస్తుంది, ఆడిటరును ముందే అడగండి. వంటకు ఆహార భద్రతా సంస్థ దగ్గర చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. అతిథుల గుర్తింపు కార్డు నకలు, రిజిస్టరులో సంతకం. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాల ఫారం నింపాలి. బెంగళూరు నుంచి లేపాక్షి, గండికోట వచ్చేవాళ్లలో విదేశీయులు ఉంటారు, ఇది మరిచిపోతే పోలీసులు మొదట పట్టుకునేది ఆ ఇంటి ఆడమనిషినే.

ఇక వంతు. బుకింగు సంఘం ఫోనుకు రావాలి, ఇంటి పేరుతో కాదు, ఊరి పేరుతో. ఆన్‌లైన్‌లో ఇళ్ల ఫోటోలు విడివిడిగా పెడితే అతిథి ఫోటో చూసి ఎంచుకుంటాడు, పెద్ద అరుగున్న ఇంటికే అందరూ పోతారు. ఆ పెద్ద అరుగున్న ఇల్లు ఎవరిదో ఏ ఊళ్లో అయినా తెలిసిందే. గదికి ఆనుకుని స్నానాలగది ఉన్న ఇళ్లను ఎంపిక చేస్తామనగానే సగం ఊరు, ముఖ్యంగా ఎస్సీ కాలనీ, మొదటి మెట్టులోనే బయటికి పోతుంది. 'వాళ్లింట్లో అతిథులు తింటారా' అన్న ప్రశ్న సమావేశంలో ఎవరో ఒకరు తెస్తారు, మర్యాదగా, నీళ్లు నమిలినట్టు. అడగాల్సింది అతిథిని, అతిథులకు చాలామందికి పట్టింపు ఉండదు. నాలుగిళ్లలో ఒకటైనా కాలనీలో ఉండాలని, ఆ ఇంటి మరుగుదొడ్డి, సంపు ఖర్చుకు సంఘం వడ్డీ లేకుండా అప్పివ్వాలని తీర్మానంలోనే రాయండి. వంట మనుషుల ఎంపికలో కూడా అదే. ఇది రాయకపోతే రాదు, తర్వాత చూద్దామంటే అసలే రాదు.

ఒక ఇంటికి నెలకు పది రాత్రులే అనడానికి కారణం ఆ ఇంటి ఇల్లాలు. అతిథులున్న రోజు ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తుంది. అక్టోబరు, నవంబరు చెనిక్కాయ పీకే కాలం, సీజన్ మొదలయ్యేదీ అప్పుడే. పొలం కూలీ, పశువులు, అతిథులు మూడూ ఒకేసారి మీద పడితే మూడో వారానికి 'ఇంక వద్దు' అంటుంది. ఆ మాట అనడానికి ఆమెకు వీలుండాలి. డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి.

వంటలో ఇక్కడి తిండి తప్ప ఇంకోటి వండొద్దు. పన్నీరు వండితే ఆ పన్నీరు పట్నం నుంచి రావాలి, ఊరి డబ్బు తిరిగి పట్నానికే. పదిమందికి ఉగ్గాని అంటే 700 గ్రాముల బొరుగులు. నీళ్లలో ముంచి వెంటనే పిండాలి, ఒక నిమిషం నానితే ముద్దవుతుంది. పుట్నాల పొడి దించాక కలపాలి, పొయ్యి మీద కలిపితే అడుగంటుతుంది. సంగటికి పదిమందికి అరకిలో నూకలు, ముప్పావు కిలో రాగిపిండి, మూడు లీటర్ల నీళ్లు. నూకలు మెత్తగా ఉడికాక పిండి గుట్టగా పోసి మూతపెట్టి ఉడకనిచ్చి, తర్వాత తెడ్డుతో గెలకాలి, తొందరపడితే ఉండలు కడుతుంది. నాటుకోడి ఉడకడానికి గంట పడుతుంది, కోడిని పట్టడానికి ఇంకో గంట. ముందురోజు సాయంత్రంలోపు చెప్పకపోతే లేదనే చెప్పండి. దొరకలేదని బ్రాయిలరు వండి నాటుకోడి అని పెడితే మొదటి ముక్కకే తెలిసిపోతుంది, ఆ అతిథి మళ్లీ రాడు.

చూపించడానికి ఏముందన్నది ఊరిని బట్టి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆంధ్ర తోలుబొమ్మలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది. ఇట్లాంటి చోట రెండు గంటల పాఠం బాగా నడుస్తుంది, కాని సరిగ్గా కత్తిరించుకోవాలి. మేకతోలు నానబెట్టి, వెంట్రుక గీకి, చట్రానికి బిగించి ఎండలో ఆరబెట్టి అద్దంలా చెయ్యడానికి రోజులు పడుతుంది, వాసన కూడా. అది చూపించాలి తప్ప చేయించకూడదు. అతిథి చేతికి ముందే సిద్ధం చేసిన నాలుగంగుళాల తోలు ముక్క ఇవ్వాలి. సిరాతో గీత, చెక్క మీద పెట్టి ఉలితో చిల్లులు, వెలుతురు అటూ ఇటూ పడేలా రెండు వైపులా రంగు. ఉలి నిట్టనిలువుగా పెట్టకపోతే తోలు చీరుతుంది, అంచుకు మరీ దగ్గరగా కొట్టినా చీరుతుంది, తడిచేత్తో పట్టుకుంటే చుట్టుకుపోతుంది. ఒక కళాకారుడు నలుగురి మీదే కన్నేసి ఉంచగలడు, కాబట్టి ఎనిమిదిమందికి ఇద్దరు గురువులు. ధర ఎట్లా కట్టాలంటే, ఆ పూట ఆయన బొమ్మ చేసుకుంటే వచ్చే సంపాదనకు తగ్గకుండా. 'ఊరికే ఒక ఐదు నిమిషాలు చూపించండి' అని అడిగే బస్సులవాళ్లకు కూడా రేటు బోర్డే చూపించాలి.

పక్షుల ఊళ్లది వేరే కథ. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి, ఊరు వాటిని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటుంది. రెట్టల కంపు, గూళ్ల చెట్టు మీద చింతపండు ఆశ వదులుకోవడం, ఇవన్నీ ఆ ఇళ్లవాళ్లే భరిస్తారు. చూడ్డానికొచ్చినవాళ్ల డబ్బు టీ కొట్టుకు పోతుంది. ఊరి నిధిలోంచి మొదట ఇవ్వాల్సింది గూళ్లున్న చెట్ల యజమానులకు, చెట్టుకు ఇంత అని. రెండోది చెరువులో చేపపిల్లలకు, ఎందుకంటే కొంగ తినేది లోతు తక్కువ నీళ్లలో దొరికే చేప, చెరువు ఎండితే దూరం పోతుంది, గూట్లో పిల్ల ఎండలో మాడుతుంది. చెట్టు కింద నిలబడనివ్వొద్దు, డ్రోను అసలే వద్దు. తల్లి లేస్తే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుది ఇంకో రకం. 1989లో గిన్నిస్‌లోకి ఎక్కిన ఆ చెట్టు విస్తీర్ణం దాదాపు ఐదెకరాలు. కొమ్మల కింద బండి ఆపితే మట్టి గట్టిపడి ఊడలు దిగవు. అందుకని పార్కింగు కొమ్మల అంచుకు బయట.

నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల దగ్గర అటవీ శాఖ క్యాంపులున్నాయి, చెంచులు పనిచేస్తారు. జీపు డ్రైవరు, దారి చూపే మనిషి, వంట, లెక్కలు, అన్నిట్లో చెంచుల్నే పెట్టుకోవాలి. గూడెంలోకి బస్సు దించి 'ఆదిమ జాతి' అని మనుషుల్ని చూపించే యాత్రలకు మాత్రం దారి ఇవ్వకూడదు. ఇందులో రెండో మాట లేదు.

ఆటోవాళ్లను మరిచిపోతే అన్నీ చెడతాయి. జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు, అతిథి మొదట మాట్లాడేది ఆటో డ్రైవరుతోనే. 'ఆ ఊళ్లో ఏముంది సార్, నేను మంచి లాడ్జి చూపిస్తా' అనే మాట అక్కడే పడుతుంది. స్టాండులోని వాళ్లను సంఘం సమావేశానికి పిలిచి, రేటు కలిసి నిర్ణయించి, బోర్డు స్టాండులోనే పెట్టించాలి. కమీషను ఇస్తే ఎంతో రాసి ఇవ్వండి.

గండికోట లోయ అంచున కంచె లేని చోట్లు ఉన్నాయి, కింద పెన్నలో నీటి లోతు రిజర్వాయరు గేట్లను బట్టి మారుతుంది. చీకటి పడ్డాక అంచుకు పోనివ్వకూడదు, ఈతకు దిగనివ్వకూడదు, తాగినవాళ్లను రెండుసార్లు చెప్పి మూడోసారి గది ఖాళీ చేయించాలి. పాముకాటుకు మందు ఏ ఆసుపత్రిలో ఉందో, రాత్రి బండి ఎవరిదో ఫోను నంబరుతో సహా ప్రతి గది తలుపు వెనక రాసి ఉండాలి. నీళ్ల సీసాలకు పది రూపాయల డిపాజిట్ పెడితే సీసా తిరిగొస్తుంది. లోయ అంచున గాలికి వదిలేసిన కవరును కిందినుంచి ఎవరూ తేలేరు.

ఏప్రిల్ రెండో వారం నుంచి బుకింగు ఆపేయండి, ఎంతమంది అడిగినా. ఆ ఎండకు వచ్చినవాడు సుఖపడడు, ఊరికి ఉన్న నీళ్లు ఊరికే చాలవు. ఆ రెండు నెలల్లో మిద్దెలకు చౌడు, సంపులు కడగడం, నిండిన గుంతను మళ్లించడం, దుప్పట్లు ఎండబెట్టి వేపాకు వేసి కట్టడం. గ్రామసభలో లెక్క చదివేది కూడా అప్పుడే. ఇంటివారీగా ఎన్ని రాత్రులు, ఎవరికెంత, ఊరి నిధిలో ఎంత, దేనికి ఖర్చయింది, అంతా గట్టిగా చదివి గోడకు అంటించాలి. నాలుగిళ్లూ యాభై రాత్రులూ నిండి ఉంటే నిధిలో 96,000 ఉండాలి. లేకపోతే ఎందుకు లేదో చెప్పాకే ఐదో ఇంటి దరఖాస్తు తీసుకోవాలి.